దీర్ఘరోగం ఉన్న ఇంట్లో పూర్ణహృదయంతో భక్తి: ఏం చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది

ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైందంటే సాధారణంగా వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు మిషను దగ్గరే గడుస్తాయి. రానూపోనూ ప్రయాణం, వచ్చాక నీరసం, తోడు వెళ్లినవాళ్ల పని దినాలు అన్నీ కలిపితే సగం వారం పోయినట్టే. అంతకుముందు ఆ ఇంట్లో తెల్లవారుజామున ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, ఆదివారం ఆరాధన ఒక పద్ధతిగా సాగి ఉంటాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆ పద్ధతి రెండు రకాలుగా దెబ్బతింటుంది. కొందరి ఇళ్లలో చప్పుడు లేకుండా ఆగిపోతుంది. కొందరి ఇళ్లలో ఉన్నట్టుండి రెట్టింపవుతుంది: 21 రోజుల ఉపవాసాలు, రాత్రంతా ప్రార్థనలు, అప్పు చేసి కానుకలు. రెట్టింపైనది కూడా ఎక్కువ కాలం నిలవదు. అది ఆగినప్పుడు, అసలు మొదలుపెట్టనివాళ్ల కంటే వీళ్లే ఎక్కువ కుంగిపోతారు.

ఈ మార్గదర్శి డయాలసిస్ ఇంటిని ఉదాహరణగా తీసుకుని రాసింది. పక్షవాతం, క్యాన్సర్, మంచాన పడిన పెద్దవాళ్ల సేవ, ఇలా ఏళ్ల తరబడి సాగే ఏ కష్టానికైనా కొద్ది మార్పులతో పనికొస్తుంది.

ముందు ఒక మాట. మార్కు సువార్త 12వ అధ్యాయంలో పూర్ణహృదయంతో, పూర్ణాత్మతో, పూర్ణవివేకంతో, పూర్ణబలంతో దేవుణ్ణి ప్రేమించాలన్న ఆజ్ఞ ఉంది. అదే అధ్యాయం చివర రెండు కాసులు వేసిన విధవరాలు కనిపిస్తుంది. అందరికంటే ఎక్కువ వేసింది ఆమే అని యేసు అన్నాడు. పూర్ణబలమంటే ఈ రోజు మీ దగ్గర మిగిలిన బలం మొత్తం. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోని బలంతో దాన్ని కొలవకూడదు.

మొదటి మెట్టు: కొలత తగ్గించండి, కానీ తెంపకండి

మూడు కొలతలు ముందే నిర్ణయించుకుని కాగితం మీద రాసి గోడకు అంటించండి.

మామూలు రోజు: 15 నిమిషాలు. ఒక కీర్తన పైకి చదవడం, రెండు నిమిషాల మౌనం, ఏడెనిమిది నిమిషాలు మొర (ఎలాగో రెండో మెట్టులో ఉంది), చివర పరలోక ప్రార్థన.

ఆసుపత్రి రోజు: 5 నిమిషాలు. అదే కీర్తన, ఒక్క విన్నపం, పరలోక ప్రార్థన.

చెడ్డ రోజు: ఒక్క నిమిషం. పరలోక ప్రార్థన మాత్రమే. అది కూడా నోట రాకపోతే ఇంట్లో ఇంకొకరు చెబుతుంటే పక్కన కూర్చోండి. ఉచ్చరింపశక్యంకాని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో పౌలు రాసింది ఇలాంటి పూటలకే.

ఈ రోజు ఏ కొలతో పొద్దున్నే అనుకోవాలి. రాత్రి పడుకునే ముందు లెక్క చూసుకుని బాధపడే పని పెట్టుకోవద్దు.

సమయం గడియారంతో ముడిపెడితే నిలవదు. మిషను ఖాళీ లేక షిఫ్ట్ మారుతుంది, బస్సు ఆలస్యమవుతుంది. ఎలాగూ జరిగే పనితో ముడిపెట్టండి: టీ దించగానే, ఆటో ఎక్కే ముందు, రాత్రి మాత్రలు ఇచ్చాక.

మిషను మీద ఉన్న నాలుగు గంటలు ప్రార్థనకు వీలుగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. మొదటి అరగంట సూదులు గుచ్చడం, బీపీ చూడటం, అలారాల మోత. చివరి గంటలో బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం జరగవచ్చు. కాస్త నెమ్మదిగా ఉండేది మధ్య భాగమే. పైగా ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో చేతిలో కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి కదపకూడదు కాబట్టి ఒంటి చేత్తో బైబిలు పట్టుకుని పేజీ తిప్పడం కుదరదు. చాలాచోట్ల తోడు వచ్చినవాళ్లను లోపల ఉండనివ్వరు. అందుకని ఆడియో బైబిలు ముందురోజే ఫోన్‌లోకి దించి పెట్టండి, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టండి. నర్సు పిలిస్తే రెండో చెవికి వినపడాలి.

రెండో మెట్టు: మొర పెట్టడం నేర్చుకోండి

ఈ మెట్టే అన్నిటికంటే ముఖ్యం, మన సంఘాల్లో అతి తక్కువగా నేర్పేదీ ఇదే. సాక్ష్యం చెప్పడం నేర్పుతాం, స్తుతించడం నేర్పుతాం. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే అయినా, మొర పెట్టడాన్ని మాత్రం సణుగుడు కింద జమకడతాం. రెంటికీ తేడా ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుని గురించి ఒకరితో ఒకరు సణిగారు. దావీదు దేవుడితోనే పోట్లాడాడు. ముఖం ఎటు తిరిగి ఉందన్నదే చూడాల్సిన విషయం.

సవతి పెనిన్నా వేధింపుతో హన్నా షిలోహులో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడ్చినప్పుడు యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె ఇచ్చిన జవాబు: యెహోవా సన్నిధిని నా ఆత్మను కుమ్మరించుకొనుచున్నాను. కుండ కుమ్మరిస్తే అడుగున ఉన్న మడ్డి కూడా బయటకు వస్తుంది. కోపం, అసూయ, విసుగు, రోగి మీదే వచ్చే చిరాకు, అన్నీ వస్తాయి. పూర్ణహృదయమంటే వాటితో సహా.

13వ కీర్తన ఆరు వచనాలే. మొర పెట్టే పద్ధతికి ఇంతకంటే చిన్న నమూనా దొరకదు. అందులో నాలుగు భాగాలున్నాయి.

1. పిలుపు. ఎవరితో మాట్లాడుతున్నామో చెప్పడం. ఒక్క మాట చాలు.
2. ఫిర్యాదు (1, 2 వచనాలు). "ఎన్నాళ్లవరకు" అని నాలుగుసార్లు అడుగుతాడు. ఇక్కడ నిజం చెప్పాలి, వివరంగా చెప్పాలి.
3. విన్నపం (3, 4). ఏం కావాలో అడగడం. ఈ వారంలో జవాబు కనబడగలిగేంత చిన్నదిగా అడగండి.
4. ఆనుకోవడం (5, 6). దేవుడు ఇదివరకు చేసినదాన్ని పట్టుకుని నిలబడటం.

కాగితం మీద రాస్తే ఇలా ఉండవచ్చు. డయాలసిస్ మీదున్న భర్తను చూసుకుంటున్న ఒక భార్య మొర అనుకోండి:

"ప్రభువా, నీతో కాక ఎవరితో చెప్పుకోను.

నిన్న మళ్లీ సూది సరిగా పడలేదు. ఆయన చెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలింది. చూడలేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు చూస్తున్నావా? మా అత్తమ్మ నన్నేమందో విన్నావు కదా. చిన్నదాని ఫీజు ఇంకా కట్టలేదు. పక్కింటివాళ్లు తిరుమల వెళ్లొస్తే బాగయ్యేదంటున్నారు, మన సంఘంవాళ్లు నాకు విశ్వాసం లేదంటున్నారు. నాకు నీ మీద కోపంగా ఉంది.

రేపు సూది ఒక్కసారికే పడనీ. ఫీజు సంగతి ఎవరిని అడగాలో చూపించు.

పాప పుట్టినప్పుడు ఇద్దరం బతకమన్నారు. నువ్వే దాటించావు. ఈ పూట నాకు పాట రావట్లేదు. రేపు మళ్లీ ఇక్కడికే వస్తాను. యేసు నామంలో, ఆమేన్."

ఇందులో గమనించవలసినవి కొన్ని. ఇంట్లో మాట్లాడే భాషే ఉంది, బైబిలు తెలుగు లేదు. "నా భర్తను స్వస్థపరచు" అన్న ఒక్క పెద్ద విన్నపంతో సరిపెట్టకుండా రేపటి సూది గురించి అడిగింది. ఆనుకోవడం దగ్గర లేని సంతోషాన్ని తెచ్చిపెట్టుకోలేదు.

ఎక్కడ చెడుతుందంటే, చాలామంది ఫిర్యాదు మొదలుపెట్టిన అర నిమిషానికే భయపడి నాలుగో భాగానికి దూకేస్తారు: "అయినా పర్వాలేదు ప్రభువా, నీ చిత్తం." చిత్తానికి లోబడటం మంచిదే, కానీ గెత్సేమనేలో యేసు కూడా ముందు ఈ గిన్నె తొలగించమని అడిగాడు, తర్వాతే నీ చిత్తమన్నాడు. పైగా ఆ మాటలే మూడోసారి కూడా చెప్పి ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతోంది. నిన్నటి మొరే ఈ రోజూ చదివితే తప్పులేదు. ఫిర్యాదుకు కనీసం నాలుగు నిమిషాలు ఇవ్వండి. ఇంకో తప్పు దీనికి ఎదురు దిక్కులో ఉంది: నలభై నిమిషాలు ఫిర్యాదే చేసి, అలసిపోయి, ఏమీ అడగకుండా లేచిపోవడం. అందుకే నాలుగు భాగాలూ కాగితం మీద వేసుకోమనేది.

మూడో మెట్టు: ఏడు కీర్తనలు, నాలుగు వారాలు

ఈ దశలో బైబిలు మొత్తం ఏడాదిలో చదివే పట్టికలు పక్కన పెట్టండి. మూడు రోజులు తప్పితే తొమ్మిది అధ్యాయాలు బాకీ పడతాయి, ఆ బాకీ చూసి పుస్తకమే తెరవబుద్ధి కాదు.

సోమవారం 6 (కన్నీళ్లతో పరుపు తడిసిన రోగి కీర్తన). మంగళవారం 13. బుధవారం 42, 43 కలిపి. "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు" అన్న పల్లవి రెంటిలో కలిపి మూడుసార్లు వస్తుంది కాబట్టి ఇవి ఒకటే పాట అనుకోవచ్చు. గురువారం 77, నిద్రపట్టని రాత్రులకు. శుక్రవారం 102, ఇంటిమీద ఒంటరి పిచ్చుకలా ఉన్నానన్నవాడి మొర. శనివారం 130. ఆదివారం 103.

మరుసటి వారం మళ్లీ ఇవే. విసుగనిపించినా మార్చకండి. నాలుగో వారానికి సగం కంఠతా వస్తాయి. ఐసీయూ బయట ఫోన్ చార్జింగ్ అయిపోయి కూర్చున్న రాత్రి పనికొచ్చేవి ఆ కంఠతా వచ్చినవే. మన అమ్మమ్మల్లో చాలామందికి చదువు రాకపోయినా పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలు నోటికి వచ్చేవి, వాళ్ల భక్తి కష్టకాలంలో నిలవడానికి అదో కారణం. ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే నెలకొక పాట ఇదే పద్ధతిలో నేర్చుకోండి.

నాలుగు వారాల తర్వాత అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. దగ్గరివాళ్లే మోసం చేస్తే 55. ముసలితనపు జబ్బయితే 71. అన్యాయంగా సంపాదించినవాళ్లు సుఖంగా ఉన్నారే అన్న మంటకు 73.

88 మాత్రం ఒంటరిగా చదవద్దు. మొర కీర్తనలు దాదాపు అన్నీ ఏదో ఒకచోట ఆశవైపు తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది. అలాంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు సంపాదించుకుందన్నది గొప్ప ఊరటే, కానీ పక్కన ఇంకొకరుంటేనే ఆ ఊరట అందుతుంది.

ఉపవాసం: ఎవరు చేయకూడదు

డయాలసిస్ రోగి, ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. షుగరు మందు వేసుకుని తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, స్పృహ తప్పవచ్చు.

కిడ్నీ రోగికి ఉపవాసం కంటే ఉపవాసం విడిచే తీరు ఎక్కువ ప్రమాదం. కూడిక అయ్యాక కొబ్బరినీళ్లో బత్తాయి రసమో ఇచ్చి విడిపించడం మనకు అలవాటు. రెంటిలోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ప్రేమతో ఇచ్చిన గ్లాసే అయినా వద్దని చెప్పండి, కారణం కూడా చెప్పండి. నీళ్లకు కొలత ఉన్నవాళ్లు ప్రభువు బల్లలో తీసుకునే గుక్కకు భయపడనక్కరలేదు.

సేవ చేసేవాళ్లు ఉపవాసం ఉండాలనుకుంటే వారానికి ఒక పూట, ఆసుపత్రి లేని రోజు చాలు. ఆకలి మీద ఆసుపత్రికి బండి నడపడం భక్తి అనిపించుకోదు. తిండికి బదులు వారంలో ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టేయడం నిజానికి ఎక్కువ కష్టం, ఎక్కువ ఫలితం. ఏడుపు ఆపుకోలేక రోజంతా ఒకదాని వెనక ఒకటి యూట్యూబ్ ప్రసంగాలు పెట్టుకునేవాళ్లకు మరీ.

బేరాలు, మొక్కులు, కానుకలు

"ఈ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) తగ్గితే నా జీవితం నీదే" అన్న ప్రార్థన ప్రతి ఇంట్లోనూ వస్తుంది. వచ్చినందుకు కంగారుపడకండి, కానీ దాన్ని మొక్కుగా మార్చకండి. మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 చెబుతుంది. కష్టంలో ఉన్నప్పుడు మనిషి తన స్తోమతకు మించి మాటిస్తాడు. మొక్కుకోవాలని గట్టిగా అనిపిస్తే 30 రోజులు ఆగి, జీవిత భాగస్వామితో మాట్లాడి, పాస్టరు గారి ఎదుట చెప్పండి.

విత్తన కానుక వేస్తే స్వస్థత వస్తుందని, ప్రార్థన చేసిన నూనె ఇంత ఖరీదని చెప్పేచోటు నుంచి లేచి రండి. అప్పు తెచ్చి కానుక వేయవద్దు. ఒకని దగ్గర లేనిదాన్ని బట్టి కాక ఉన్నదాన్ని బట్టే అది ప్రీతికరమని 2 కొరింథీయులు 8:12లో ఉంది. ఇన్నాళ్లూ దశమభాగం ఇచ్చినవాళ్లు ఇప్పుడు ఇవ్వలేకపోతే ఆ సంగతి పాస్టరు గారికి ఒకసారి నేరుగా చెప్పేయండి. దాచుకుని సంఘానికి వెళ్లడం మానేసినవాళ్లు చాలామంది.

ఈ విషయంలో మన నేలమీదే ఒక పాఠం ఉంది. 1876-78 కరవులో ఒంగోలులో మిషనరీగా ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లను ఆపాడు. అన్నం కోసం దేవుడి దగ్గరికి వచ్చారన్న మాట రాకూడదని. కరవు సాయం ముగిశాకే మళ్లీ ఇవ్వడం మొదలైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. ఇచ్చేవాడే బేరం వద్దన్నాడు.

మందులు ఆపమనేవాళ్లకు జవాబు

యెషయా 38:21లో హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది ప్రవక్తే. అప్పటికే 15 ఏళ్ల ఆయుష్షు వాగ్దానం వచ్చేసింది, అయినా కట్టు కట్టారు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తనతో తిరిగిన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. అపొస్తలుడికే అలా జరిగినప్పుడు మీ ఇంట్లో జబ్బు తగ్గకపోవడానికి మీ విశ్వాసం చాలకపోవడమే కారణమని ఎవరూ తేల్చలేరు. ఒక్క డయాలసిస్ మానేసినా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు.

ఎవరైనా ప్రవచనమని చెప్పి వైద్యం గురించో ఆస్తి గురించో నిర్ణయం తీసుకోమంటే ఆ వారం ఏమీ చేయకండి. డాక్టరుకు, సొంత సంఘంలో ఇద్దరు పెద్దలకు చెప్పండి. యాకోబు 5:14 సంఘపు పెద్దలను పిలిపించమంది. నూనె రాసి ప్రార్థించేది వాళ్లు, ఇంటికొచ్చి. దానికి రుసుం లేదు.

మనుషులను అడగడం

"మా కోసం ప్రార్థన చేయండి" అంటే అందరూ "తప్పకుండా సిస్టర్" అంటారు. అక్కడితో అయిపోతుంది. వాళ్ల తప్పు కాదు, ఏం చేయాలో వాళ్లకు తెలియదు. పని పేరు, రోజు, గంట చెప్పండి: "శనివారం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా ఆసుపత్రిలో కూర్చోగలవా తమ్ముడూ?" "గురువారం పిల్లలకు రాత్రి అన్నం మీ ఇంట్లో పెడతారా అక్కా?" నలుగురు చాలు. పక్షవాయువు గలవాడి మంచం మోసింది కూడా నలుగురే (మార్కు 2:3). ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ ఉచితమైనా దారి ఖర్చు, రక్తపరీక్షలు, పోయిన కూలి మిగులుతాయి. ఆ లెక్క కాగితం మీద రాసి సంఘ పెద్దకు ఇవ్వడం అడుక్కోవడం కాదు.

పరామర్శకు వచ్చేవాళ్లకు కూడా రెండు మాటలు. పావుగంట మించి కూర్చోవద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నంత వరకు బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడింది.

ఏమీ అనిపించకపోతే

నెలలు గడిచాక ప్రార్థన చప్పబడుతుంది. నిద్రలేమి, రక్తహీనత, అప్పు, వీటన్నిటి మధ్య అలా అవడం మామూలే. ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబులో దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. కాబట్టి ముందు ఒక రాత్రి పూర్తి నిద్ర ఏర్పాటు చేసుకోండి, ఆ నలుగురిలో ఒకరిని రోగి దగ్గర పడుకోమనండి.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రోగి గాని సేవ చేసేవారు గాని డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన ఆపి చేయమని కాదు, ప్రార్థన చేస్తూనే చేయండి.

కూడిక పెట్టే రోజు

కిడ్నీ మార్పిడి జరిగి ఇంటికొస్తే కృతజ్ఞతా కూడిక పెట్టాలని అందరూ తొందరపెడతారు. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంచుతారు, మొదటి నెలల్లో మరీ ఎక్కువగా, కాబట్టి గుంపు, చేతులుంచి ప్రార్థించడం, బయటి భోజనం అన్నీ ఇన్ఫెక్షన్‌కు దారులే. డాక్టరు సరే అనేదాకా ఆగండి. రోగి పోతే ఆదరణ కూడిక వస్తుంది. రెంటికీ ఒకటే లెక్క: షామియానా, బిర్యానీ కోసం అప్పు చేయవద్దు, ఆసుపత్రి బాకీ ముందు తీర్చండి. మైకు ముందు మాట్లాడే అవకాశం బయటి ప్రసంగీకుడి కంటే ముందు శనివారాలు వచ్చి కూర్చున్న ఆ తమ్ముడికి ఇవ్వండి. ఆదరణ కూడికలో 13వ కీర్తన మొత్తం చదివించండి, చివరి రెండు వచనాలు మాత్రమే కాదు. మరుసటి సోమవారం నుంచి ఆ ఇంట్లో మిగిలినవాళ్లకు మళ్లీ మొదటి మెట్టే, చెడ్డ రోజు కొలతతో.